నాటిన అడవికి వయసెంత?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఆగస్టు 9. మూలవాసుల సమస్యలపై ఐక్యరాజ్యసమితి వేసిన కార్యబృందం 1982లో తొలిసారి సమావేశమైన రోజు. ఆ గుర్తుగానే 1994లో ఈ తేదీని ప్రపంచ ఆదివాసీ దినోత్సవంగా ప్రకటించారు. థింసా అడుగులు, కొమ్ము ఆటల మధ్య మాకు అప్పగించింది మాత్రం లెక్కల అంశం. నాటిన అడవులకు వయసు పెరిగేకొద్దీ వాటిలో కార్బన్ నిల్వ ఎలా మారుతుంది అన్నది ఆ అంశం. సాంస్కృతిక సంఘం సభలో ఈ లెక్క ఎందుకని ఒకరిద్దరు పెద్దలు అడిగారు కూడా.

ఎందుకంటే ఆ మాట ఇప్పుడు మన ఊళ్లకు వచ్చేసింది. మొక్కలు ఇస్తాం, పెంచితే కార్బన్ డబ్బులు వస్తాయి, ఇరవై ముప్పై ఏళ్లకు ఒప్పందం రాయండి అని కొందరు వస్తున్నారు. ఈ అడవి ప్రాజెక్టు కింద పోయినా దిగులు లేదు, దాని బదులు మరోచోట మొక్కలు నాటుతున్నాం అని ఇంకొందరు చెబుతున్నారు. ఈ రెండు మాటల్నీ తూచడానికి మనకు ఒక రాయి కావాలి. ఆ తూకపు రాయి చెట్టు వయసు. మన సంఘంలో అడవి చదువు చదివినవాళ్లం, తోటల్లో కూలికి వెళ్లినవాళ్లం, బడిలో పాఠాలు చెప్పేవాళ్లం కొందరం కూర్చుని చదివి, టేపు పట్టి చెట్లు కొలిచి, మన మాటల్లోకి తెచ్చుకున్న సంగతులు ఇప్పుడు మీ ముందు పెడతాం.

కట్టెలో బొగ్గు ఎక్కడిది?

కార్బన్ కొత్త వస్తువేమీ కాదు. కట్టె సగం కాలి ఆరిపోతే మిగిలే నల్లటి బొగ్గు చాలావరకు కార్బనే. చెట్టు దాన్ని గాలిలోంచి తీసుకుంటుంది. పాత బడి పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని రాసేవారే, ఆ కార్బన్ డయాక్సైడ్‌ను ఆకు పీల్చుకుని, ఎండ సాయంతో తన తిండి చేసుకుని, దాన్నే మానుగా, కొమ్మగా, వేరుగా మార్చుకుంటుంది. కట్టెలోని నీరంతా పోగా మిగిలే ఎండు బరువులో సుమారు సగం కార్బన్. ఒక కిలో కార్బన్ చెట్టులో చేరిందంటే గాలిలోంచి సుమారు 3.67 కిలోల బొగ్గుపులుసు వాయువు తగ్గినట్టు. ఎండు బరువు 200 కిలోలుండే చెట్టును తీసుకుంటే, అందులో దాదాపు 100 కిలోల కార్బన్ ఉంటుంది. అది గాలిలోంచి తీసిన వాయువు దాదాపు 367 కిలోలు. ఎవరైనా మన ముందు టన్నుల లెక్క చెబితే, అవి కార్బన్ టన్నులా, వాయువు టన్నులా అని ముందుగా అడగాలి. రెండింటి మధ్య మూడున్నర రెట్లకు మించిన తేడా ఉంది.

అడవిలో ఈ కార్బన్ ఐదు చోట్ల ఉంటుందని లెక్క కడతారు. నేలపైన మాను, కొమ్మ, ఆకు ఒకటి. నేల కింద వేర్లు రెండోది. ఎండి నిలబడ్డవి, పడిపోయినవి అయిన చచ్చిన మానులు మూడోది. రాలిన ఆకు నాలుగోది. మట్టి ఐదోది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ లెక్కల్లో మన దేశపు అడవుల కార్బన్‌లో సగానికి పైగా మట్టిలోనే ఉంది. ఆకు రాలి, కుళ్లి, చెదలు తిని, వానపాములు తిరగేసి, ఏళ్ల తరబడి చేరిన నల్లమట్టి అది. చెట్టును చూసినంత సులువుగా అది కంటికి ఆనదు, కాబట్టి మాటల్లోనూ తొందరగా మరుగున పడుతుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తు పెట్టుకుంటే మిగతా ప్రసంగమంతా తేలికవుతుంది. గాదెలో ఎన్ని గింజలు ఉన్నాయి అన్నది ఒక ప్రశ్న. ఈ ఏడు గాదెలో ఎన్ని గంపలు పోశాం అన్నది ఇంకో ప్రశ్న. అడవి విషయంలో మొదటిది నిల్వ, రెండోది ఏటేటా చేరే వాటా. వయసుతో ఈ రెండూ ఒకేలా నడవవు.

నాలుగు దశలు

నాటిన తోట కథ మొక్క నాటకముందే మొదలవుతుంది. పొదలు నరికి కాలుస్తారు. దుక్కి దున్నుతారు, గుంతలు తీస్తారు. తిరగబడ్డ మట్టికి గాలి, ఎండ తగిలి, అందులోని కుళ్లిన పదార్థం తొందరగా కరిగి మళ్లీ వాయువై పోతుంది. వానకు పైమట్టి కొట్టుకుపోతుంది. మొక్కలు ఇంకా మోకాలెత్తు ఉన్న ఆ మొదటి ఏళ్లలో గాదెలో పోసినదానికంటే కారిపోయినదే ఎక్కువ కావచ్చు. అంతకుముందు అక్కడ ఏముండేదో దాన్ని బట్టి ఈ నష్టం మారుతుంది. ఆ సంగతికి మళ్లీ వస్తాం.

రెండో దశ పడుచుదనం. మొక్క నిలదొక్కుకుని, చుట్టుకొలత పెరగడం మొదలుపెడుతుంది. అటవీ శాఖ వాళ్లు నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే మనిషి రొమ్ము ఎత్తున, టేపు చుట్టి కొలుస్తారు. మేమూ అలాగే కొలిచాం. తెలుసుకోవలసింది ఏమిటంటే, చుట్టుకొలత రెట్టింపైతే చెట్టు బరువు రెట్టింపుతో ఆగదు, 5 రెట్లకు పైగా పెరుగుతుంది. మాను లావవడంతో పాటు ఎత్తు, కొమ్మలు, వేర్లు అన్నీ పెరుగుతాయి కదా. అందుకే నాటిన రెండేళ్లకు ఎకరంలో వెయ్యి మొక్కలు బతికాయని బోర్డు రాసినా, ఆ వెయ్యింటిలో ఉన్న కార్బన్ ఊరి నడుమ నిలబడ్డ ఒకటి రెండు పాత చింతమానుల్లో ఉన్నదానికి సరితూగకపోవచ్చు.

మూడో దశ కొమ్మలు కలిసే వయసు. పక్క చెట్ల తలలు ఒకదానికొకటి తగిలి, కింద నీడ కమ్ముతుంది. ఎకరానికి పట్టే ఆకు మొత్తం అప్పటికి దాదాపు గరిష్ఠానికి చేరుతుంది. తోటలో ఏటా చేరే వాటా ఈ కాలంలోనే ఎక్కువ. జామాయిల్ వంటి తొందరగా పెరిగే జాతుల్లో ఇది కొద్ది ఏళ్లలోనే వస్తుంది. టేకులో ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఆ తర్వాత చెట్ల మధ్య పోటీ మొదలవుతుంది. వెలుగు అందని బక్క చెట్లు ఎండిపోతాయి. పొడుగు మానులకు నీరు పైదాకా ఎక్కించడం కష్టమవుతుంది. నేలలోని సారంలో కొంత భాగం మానులోనే ఇరుక్కుపోతుంది. అందుకని ఎకరం లెక్కన ఏటా చేరే వాటా మెల్లమెల్లగా తగ్గుతుంది.

కోత ఎప్పుడు అన్నది తోటల వాళ్లు ఇక్కడే నిర్ణయిస్తారు. ఏటా చేరే వాటా తగ్గుతూ వచ్చి, నాటినప్పటి నుంచి తీసిన సగటు వాటా దగ్గరికి చేరినప్పుడు, కట్టె కోసం అయితే కోయడానికి అదే లాభసాటి వయసు. కట్టె అమ్ముకునే మనిషికి ఆ లెక్క సరైనదే. కార్బన్ దాచుకోవాలనుకునే మనిషికి అది సరిపోదు. గంపలు తగ్గాయి కానీ గాదె ఇంకా నిండుతూనే ఉంది. నిండుతున్న గాదెను సగంలో ఊడ్చేసినట్టు అవుతుంది.

నాలుగో దశ ముసలితనం. ముసలి అడవి ఇక ఏమీ దాచదు, పీల్చినంతా వదిలేస్తుంది అని చాలాకాలం అనుకున్నారు. 2008లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చలి, సమశీతోష్ణ దేశాల అడవుల లెక్కలు తీసి, 15 ఏళ్ల నుంచి 800 ఏళ్ల వయసు దాకా ఉన్న అడవులు ఎక్కువగా ఇంకా కార్బన్ చేర్చుకుంటూనే ఉన్నాయని చూపింది. అవి మన ఎండాకాలపు అడవులు కావు, కాబట్టి ఆ అంకెలు మనకు అతికించుకోకూడదు. పాత అడవి అంటే పనైపోయిన అడవి అన్న మాట మాత్రం దానితో వీగిపోయింది. 2014లో అదే పత్రికలో వచ్చిన మరో అధ్యయనం 403 జాతుల చెట్లను చూసి, అత్యధిక జాతుల్లో చెట్టు ఎంత పెద్దదైతే ఏటా అంత ఎక్కువ కార్బన్ చేర్చుకుంటుందని తేల్చింది.

ఎకరం వాటా తగ్గుతుందని ఇప్పుడే అన్నారు, పెద్ద చెట్టు ఎక్కువ చేరుస్తుందని మళ్లీ అంటున్నారు, రెండూ ఎలా కుదురుతాయి అని మీకు అనిపించవచ్చు. ఎకరంలో చెట్ల సంఖ్య తగ్గుతుంది, మిగిలిన ఒక్కొక్కటీ ఎక్కువ చేరుస్తుంది. పదిమంది పిల్లలు మోసే మోపులను ఇద్దరు పెద్దవాళ్లు మోసినట్టు. మొత్తం మోపులు కొంచెం తగ్గినా, ఆ ఇద్దరినీ పంపేస్తే పని నిలిచిపోతుంది.

మనకు తెలిసిన మూడు తోటలు

ఈ దశలను మనం రోజూ చూసే మూడు తోటల్లో పెట్టి చూద్దాం.

మొదటిది జామాయిల్. భద్రాచలం, ఖమ్మం వైపు వాళ్లకు దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కాగితం గుజ్జు కోసం వేసే ఈ తోటను నాలుగైదేళ్లకే కోస్తారు. మోడు నుంచి మళ్లీ చిగురు వస్తుంది, మళ్లీ కోస్తారు. ఒకటి రెండు కోతల తర్వాత మోడును పెకలించి, దున్ని, కొత్త మొక్కలు పెడతారు. అంటే ఈ తోట తన పడుచుదనం దాటి ఎప్పుడూ ముందుకు వెళ్లదు. ఉదాహరణకు కోత నాటికి ఎకరం చెట్లలో 10 టన్నుల కార్బన్ ఉందనుకుందాం. కోసిన మర్నాడు నేలపైన దాదాపు ఏమీ ఉండదు. మళ్లీ 10కి పెరుగుతుంది, మళ్లీ పోతుంది. ఇరవై ఏళ్ల సగటు తీస్తే ఆ ఎకరంలో నిలిచి ఉండేది 5 టన్నుల చుట్టూ. నాలుగు కోతలు కలిపి 40 టన్నులు దాచాం అని ఎవరైనా అంటే అది పంట లెక్క, నిల్వ లెక్క కాదు. ఆ కట్టె కాగితమైంది. కాగితం కొద్ది ఏళ్లలో చిత్తై, చాలావరకు మళ్లీ గాలిలో కలుస్తుంది. బంజరుగా పడి ఉన్న చెలకలో జామాయిల్ వేసి, పిల్లల ఫీజులు కట్టుకున్న కుటుంబాలు మనలోనే ఉన్నాయి. ఆ ఆదాయాన్ని మేము తక్కువ చేయడం లేదు. దాన్ని అడవి అని పిలిచినప్పుడే మా అభ్యంతరం.

రెండోది సిల్వర్ ఓక్. పాడేరు, అరకు, చింతపల్లి కొండల మీద కాఫీకి నీడగా, మిరియాల తీగకు ఊతంగా పెంచుతున్న చెట్టు ఇది. పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడి కాఫీకి 2019లో 'అరకు వ్యాలీ అరబికా' పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోడు చేసి వదిలేసిన వాలులో కాఫీ, సిల్వర్ ఓక్ వేసిన చోట నేల మళ్లీ దున్నరు. ఆకు రాలి అక్కడే కుళ్లుతుంది. చెట్టుకు ఏళ్లు గడిచేకొద్దీ మానులోనూ మట్టిలోనూ కార్బన్ చేరుతుంది. కింద కాఫీ ఉంది కాబట్టి పైచెట్టును తొందరపడి కోయరు. అందుకే ఇది జామాయిల్ కంటే ఎక్కువ వయసు చూస్తుంది. దీనికీ రెండు గండాలున్నాయి. ఒకటి గాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ కొండల మీద కాఫీ తోటలు, నీడచెట్లు ఎంతగా కూలాయో చూసినవాళ్లు ఈ సభలో ఉన్నారు. ఏళ్ల తరబడి చేరిన నిల్వ ఒక్క రోజులో నేలకొరిగింది. రెండోది బేరం. చెట్టు లావెక్కగానే వ్యాపారి వచ్చి మానుకు ఇంత అని ధర చెబుతాడు. తోటంతా ఒకే వయసు, ఒకే జాతి అయితే అమ్మేటప్పుడూ అంతా ఒకేసారి పోతుంది. నడుమ నడుమ పనస, మామిడి, నేరేడు ఉంచుకున్న తోటలో కొన్ని మానులు అమ్మినా నీడ నిలుస్తుంది, నిల్వా నిలుస్తుంది.

మూడోది టేకు. ఆదిలాబాద్, మంచిర్యాల, భద్రాచలం అడవుల్లో టేకు సహజంగానే పుడుతుంది. నాటిన టేకు తోటలూ ఉన్నాయి. రెండు మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి సుమారు వెయ్యి మొక్కలు పడతాయి. మధ్యమధ్యలో పలచన చేస్తూ వస్తే చివరికి వంద లోపే మిగులుతాయి. మన దేశంలో ప్రభుత్వ టేకు తోటలను సాధారణంగా 50 నుంచి 80 ఏళ్ల వయసుకు కోస్తారు. కోసినా ఆ కట్టె దూలమై, తలుపై, మంచమై ఇంకో రెండు మూడు తరాలు నిలుస్తుంది. కాగితంతో పోలిస్తే ఇది చాలా మెరుగు. కేరళలోని నీలంబూరులో 1840ల్లో, ఓడల కలప కోసం బ్రిటిష్ వాళ్ల కాలంలో నాటిన టేకు తోటలో ఒక ముక్కను కోయకుండా ఉంచారు. మలబారు కలెక్టర్ కానలీ పేరుతో దాన్ని కానలీ ప్లాట్ అంటారు. నాటిన తోటకు వయసు వస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మన దేశంలో అంతకంటే పాత చోటు దొరకడం కష్టం. అలా ఉంచిన ముక్క చిన్నది. మిగతా తోటలన్నీ కోతకే పెంచినవి. అయితే టేకు ఒక్కటే ఉన్న నేలలో ఇంకో ఇబ్బంది ఉంది. వెడల్పాటి ఆకు మీద వాన నీరు చేరి పెద్ద పెద్ద చుక్కలై పడుతుంది. కింద పొదలు, గడ్డి లేకుండా ఊడ్చేసినా, వేసవి మంటకు ఆకు కాలిపోయినా, ఆ చుక్కలకు పైమట్టి లేచిపోతుంది. పైన మాను లావెక్కుతుంటే కింద మట్టి గాదె ఖాళీ కావచ్చు.

పోడుకూ ఇదే లెక్క

ఇప్పుడు మన ఇంటి సంగతి. పోడు వల్ల అడవి పోయిందని మనల్ని తరాలుగా తిడుతూ వచ్చారు. ఈ వయసు లెక్కలో పోడును కూడా పెట్టి చూడటం న్యాయం. పూర్వం ఒక కొండవాలును ఒకటి రెండేళ్లు సాగు చేసి, పదేళ్లకు పైగా వదిలేసేవారు. ఆ వదిలేసిన ఏళ్లలో అడవి మళ్లీ లేచేది. ఊరి చుట్టూ ఒక్కో వాలు ఒక్కో వయసులో ఉండేది. పైగా నరికేటప్పుడు ఇప్ప, చింత, మామిడి, పనస, జీలుగు మానులను ముట్టుకునేవారు కాదు. నేలలో వేర్లు బతికే ఉండేవి, నాగలి పడేది కాదు. ఇప్పుడు చాలాచోట్ల భూమి చాలక వదిలేసే కాలం మూడు నాలుగేళ్లకు కుదించుకుపోయింది. అలా కుదించిన పోడులో కార్బన్ నిల్వ పడిపోతుంది, దాన్ని మనం ఒప్పుకోవాలి. చక్రం పొట్టిదైతే సగటు నిల్వ తగ్గుతుందన్న సూత్రం పోడుకు వర్తిస్తే జామాయిల్‌కూ వర్తిస్తుంది. నాలుగేళ్లకోసారి నరికే పోడును విధ్వంసం అని, నాలుగేళ్లకోసారి నరికే తోటను పచ్చదనం అని ఒకే ఫైలులో రాయడం కుదరదు.

మన ఆచారాల విలువ కూడా ఈ లెక్కలో కనబడుతుంది. మామిడి కొత్త చేయకముందు కాయ కోయకూడదన్న కట్టుబాటు, దేవతల చెట్లకు గొడ్డలి తగలకూడదన్న భయం, పోడులో ఇప్పమాను వదలాలన్న నియమం, ఇవన్నీ కార్బన్ కోసం పుట్టినవి కావు. తిండి కోసం, దేవుడి కోసం, ముందుతరం మీద గౌరవం కోసం పుట్టాయి. కానీ వాటి వల్ల ఊరి చుట్టూ కొన్ని చెట్లకు ముసలితనం దాకా బతికే అవకాశం దొరికింది. ఏ తోటలోనూ దొరకనిది అదే.

ముందు అక్కడ ఏముండేది?

ఇందాక వాయిదా వేసిన ప్రశ్నకు వద్దాం. ఏళ్ల తరబడి దున్ని సారం పోయిన చెలకలో చెట్లు నాటితే మట్టిలో కార్బన్ మెల్లగా పెరుగుతుంది. ఆ నాటడం మంచిదే. సహజ అడవిని కొట్టి అక్కడే తోట వేస్తే మట్టిలోని కార్బన్ సాధారణంగా తగ్గుతుంది, పైన ఉన్నది సరేసరి. ఒకే మొక్క, ఒకే వయసు, ఫలితం మాత్రం తలకిందులు.

కాగితం మీద ఈ తేడా కనబడకుండా పోవచ్చు. అటవీ సర్వే నివేదికల్లో 'అటవీ విస్తీర్ణం' అంటే, ఒక హెక్టారుకు తగ్గకుండా, పైనుంచి చూస్తే 10 శాతానికి తగ్గకుండా చెట్ల తలలు కప్పిన ఏ భూమైనా. ఏ జాతి, ఎవరిది, నాటిందా పుట్టిందా అన్నది ఆ నిర్వచనంలో పట్టించుకోరు. మద్ది, వేగిస, తునికి, నేరేడు కలిసిన అడవి పోయి, ఇంకోచోట అంతే విస్తీర్ణంలో తోట వస్తే అంకె మారదు. గాదె మాత్రం ఖాళీ అవుతుంది.

ప్రాజెక్టులకు ఇచ్చిన అడవికి బదులుగా మొక్కలు పెంచే డబ్బు కోసం 2016లో ప్రత్యేక చట్టమే వచ్చింది. ఆ డబ్బుతో బంజరులో మంచి మొక్కలు నాటితే వద్దనం. కానీ నూరేళ్ల అడవిని నరికిన చోట కార్బన్ వెంటనే, ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే గాలిలోకి పోతుంది. బదులు నాటిన మొక్క దాన్ని తిరిగి దాచడానికి దశాబ్దాలు కావాలి, అదీ ఎవరూ కోయకపోతే. ఇప్ప మొక్క పూత పట్టడానికే పదేళ్లు అటూ ఇటూ పడుతుంది. ఆ మధ్యకాలంలో ఇప్పపూలు ఏరుకుని బతికే ఇంటికి బదులు ఎవరిస్తారు?

2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన కార్బన్ దాస్తామని మన దేశం పారిస్ ఒప్పందం కింద మాట ఇచ్చింది. గడువుకు రెండేళ్ల ముందు నాటే మొక్క ఆ లెక్కకు చేర్చేది బహు స్వల్పం. ఇప్పటికే నిలబడి, ఇంకా పెరిగే వయసులో ఉన్న అడవిని కాపాడటం దానికంటే ఎన్నో రెట్లు అక్కరకొస్తుంది. అలాంటి అడవి ఎక్కువగా ఉన్నది మన గూడేల చుట్టూనే.

ఒప్పందం ముందుకొచ్చినప్పుడు

ఖమ్మం జిల్లాలో తోటల మీద ఒక ప్రాజెక్టు ఐక్యరాజ్యసమితి సీడీఎం విధానం కింద 2009లోనే నమోదైంది. అరకు వైపు పండ్ల చెట్ల మీద, కాఫీ నీడ చెట్ల మీద ఆ తర్వాత కార్బన్ పథకం వచ్చింది. కాబట్టి ఇది మనకు కొత్త కాదు. ఆ సీడీఎం నిబంధనల్లో ఒక సంగతి గమనించాలి. చెట్లు నాటినందుకు ఇచ్చే క్రెడిట్లు శాశ్వతమైనవి కావు, గడువు తీరేవి. చెట్టు కాలిపోవచ్చు, కూలిపోవచ్చు, కోతకు పోవచ్చు అన్న సంగతి నిబంధనలు రాసినవాళ్లకు తెలుసు. ఇప్పుడు స్వచ్ఛందంగా నడిచే కార్బన్ మార్కెట్‌లో కూడా ఇలాంటి నష్టాల కోసం కొన్ని క్రెడిట్లను పక్కన పెడతారు. వాళ్లు అంత జాగ్రత్త పడుతున్నప్పుడు మనమూ పడాలి.

గ్రామసభలో ఈ ప్రశ్నలు అడగాలని మా సూచన. ఈ భూమిలో ఇంతకుముందు ఏముంది, దాన్ని ఎవరు రాసుకున్నారు? లెక్క ఏ వయసు నుంచి మొదలవుతుంది, ఎన్నేళ్లకోసారి ఎవరు కొలుస్తారు, కొలిచేటప్పుడు మనవాళ్లు పక్కన ఉంటారా? కోత ఉందా, ఉంటే కోత ముందు నిల్వను లెక్కపెడతారా, చక్రం మొత్తం సగటునా? మట్టిని కొలుస్తారా, చెట్టునేనా? మంట వచ్చినా, తుపాను వచ్చినా నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది? ఒప్పందం నడిచినన్నాళ్లూ ఇప్పపూలు, తునికాకు, అడ్డాకు, కట్టెపుల్ల, పశువుల మేత మీద మన హక్కు అలాగే ఉంటుందని కాగితం మీద రాస్తారా? డబ్బు ఎప్పుడు, ఎవరి చేతికి వస్తుంది? ఇదంతా మనకు చదవవచ్చే భాషలో ఉందా? ముప్పై ఏళ్ల ఒప్పందానికి ఈ రోజు తండ్రి వేలిముద్ర వేస్తే, దాన్ని చివరిదాకా మోసేది ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తున్న బిడ్డ. జవాబులు వచ్చేదాకా సంతకం పెట్టకండి. జవాబులు బాగుంటే పెట్టడానికి భయపడకండి.

2006 అటవీ హక్కుల చట్టం వ్యక్తిగత పట్టాలతో ఆగలేదు. సంప్రదాయంగా కాపాడుతూ వచ్చిన సామూహిక అడవిని కాపాడుకునే, పెంచుకునే, నిర్వహించుకునే హక్కును కూడా గ్రామసభకు గుర్తించింది. పోడు పట్టా కోసం మనం చేసిన పోరాటంలో సగం పట్టుదల ఈ సామూహిక హక్కు కోసం చూపిన ఊళ్లు తక్కువ. పాత అడవి మీద మన మాట చెల్లాలంటే ముందు ఆ కాగితం మన దగ్గర ఉండాలి. దరఖాస్తు పెట్టని ఊళ్లు ఈ ఏడే పెట్టాలని సంఘం తరఫున కోరుతున్నాం.

ఇక చివరి మాట, చేయదగిన పని. ప్రతి ఊరూ పది చెట్లను ఎంచుకోవాలి. నాలుగు తోటలోవి, ఆరు అడవిలోవి, వాటిలో రెండైనా ఊళ్లోకెల్లా ముసలివి. 1.37 మీటర్ల ఎత్తున సున్నంతో గీత గీసి, అక్కడ టేపు చుట్టి, చుట్టుకొలతను బడిలో ఒక నోటు పుస్తకంలో రాయాలి. పక్కనే చెట్టు పేరు మన భాషలో, తెలుగులో రాయాలి. దాని వయసు ఎవరికి ఎంత తెలుసో, ఆ చెట్టు కింద ఏ పండుగ చేస్తారో పెద్దలను అడిగి రాయాలి. ప్రతి ఆగస్టు 9న మళ్లీ కొలవాలి. టేపు, పుస్తకం సంఘం ఇస్తుంది, ఈ సభ అయ్యాక బయట బల్ల దగ్గర ఊరి పేరు రాయించి తీసుకెళ్లండి. వచ్చే ఏడు ఏ ఊరు ఎన్ని చెట్లు కొలిచిందో ఇదే వేదిక మీద పిల్లల చేత చదివిద్దాం.

 జై ఆదివాసీ.